గడప కింద తాళంకప్ప

నా నోరు మంచిది కాదని మా ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు. చెప్పనివ్వండి. ఆ నోరే లేకపోతే మా ఆయన ఈపాటికి ఒక కాలు పోగొట్టుకుని, పెళ్ళాన్ని పుట్టింటికి పంపేసి, వాళ్ళక్క కాచిచ్చిన కషాయాలు తాగుతూ మూల కూర్చుని ఉండేవాడు.

గ్రదిమిర్‌ని నేను చేసుకున్నది నలభై తొమ్మిదో ఏట. ఆయనకి యాభై ఆరు. ఇద్దరికీ రెండో పెళ్ళే. నా మొదటాయన పోయి పన్నెండేళ్ళు, ఆయన భార్య పోయి ఐదేళ్ళు. నేను తివాచీలు నేస్తాను, ఆయన కొండ కింద చీజ్ చేసే చోట పనిచేస్తాడు. ప్రతి శుక్రవారం ఒక ముక్క కాగితంలో చుట్టి తెచ్చి, నా మగ్గం పక్కన పీట మీద కూర్చుని, అరగంట నా చేతులు చూసి వెళ్ళిపోయేవాడు. ఏడాదిపాటు ఇదే వరస. ఆఖరికి నాకే ఒళ్ళు మండి అడిగాను.

"ఇలా చీజ్ మోస్తూనే ముసలాడివైపోతావా, ఏమన్నా చెప్పేదుందా?"

"చెబుదామనే వస్తున్నా" అన్నాడు, పీట మీంచి లేవకుండానే.

మే నెలలో పెళ్ళయింది. వేడి పాలముద్దని పిసికి పిసికి ఆయన చేతులు పసిపిల్లాడి చేతుల్లా మెత్తగా ఉంటాయి. ఆ వయసులో మళ్ళీ ఒకరి చెయ్యి నా మీద పడుతుందని నేననుకోలేదు. మొదటి మూడు నెలలు సిగ్గులేకుండా చెబుతున్నా, పద్దెనిమిదేళ్ళ పిల్లలా తిరిగాను. మగ్గం ముందు కూర్చుంటే పాటొచ్చేది.

ఆగస్టులో అది ఆగిపోయింది.

ఒక్కసారిగా కాదు. ఒకరోజు సగంలో వదిలేశాడు, అలసటన్నాడు. ఇంకోరోజు రకియా, మా పళ్ళ సారా, రెండు గ్లాసులు ఎక్కువైందన్నాడు. తర్వాత నేను పడుకున్నాక గానీ గదిలోకి రావడం మానేశాడు. వచ్చినా గోడవైపు తిరిగేవాడు. నేను చెయ్యి వేస్తే ఆ చెయ్యిని మెల్లగా పక్కన పెట్టేవాడు, విరిగిపోతుందేమో అన్నంత జాగ్రత్తగా. నాకు ఏడుపొచ్చేది అక్కడే. విసిరికొట్టినా బాగుండేది, దెబ్బలాడేదాన్ని.

సెప్టెంబరులో పెరట్లో పొయ్యి పెట్టి, శీతాకాలం పచ్చడికి ఎర్ర మిరపకాయలు కాలుస్తున్నాం. ఆయన కాల్చి ఇస్తున్నాడు, నేను తోలు తీస్తున్నాను. ఉండబట్టలేక అడిగేశాను.

"నేను నీకు అచ్చి రాలేదా గ్రదా? పోయినావిడే గుర్తొస్తోందా? ఉన్నదేదో చెప్పు, చచ్చిపోను."

ఆయన కాలిన కాయ ఒకటి తీసి నా పళ్ళెంలో పెట్టాడు.

"నీ వల్ల కాదు బోసా. మనసు వస్తోంది, ఒళ్ళు రావట్లేదు. నేనెంత పిలిచినా నా ఒళ్ళు నా మాట వినట్లేదు. ఎవరిదో పరాయి ఒళ్ళు తగిలించుకున్నట్టుంది."

నాకు ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. నేనంటే ఇష్టం పోలేదు, అంతే కదా. మిగతాది చూసుకోవచ్చనుకున్నాను. కానీ అంత మనిషీ కుంగిపోయి ఉన్నాడు. పక్కనే పెట్టుకున్న కూజా ఎత్తి గటగటా తాగాడు. ఆ పూటకి అది మూడో కూజా. పొయ్యి దగ్గర వేడనుకున్నానే తప్ప ఇంకేమీ తోచలేదు నా మట్టిబుర్రకి.

డాక్టరు దగ్గరికి వెళదామన్నాను. "ఏమని చెప్పను వెళ్ళి" అన్నాడు. అంతటితో ఆ మాట తెగిపోయింది.

ఇక్కడ మా వదిన సంగతి చెప్పాలి. వదినంటే జాగోర్క, ఆయనకి అక్క. మా ఇంటికి రెండిళ్ళవతల ఉంటుంది. మా ఊళ్ళో గేటు తోసుకుని లోపలికి రావడానికి ఎవరూ ఎవర్నీ అడగరు. అందరికంటే ఎక్కువ తోసేది ఈవిడే. స్నానం చేస్తున్నా, తిట్టుకుంటున్నా, ముద్దు పెట్టుకుంటున్నా వచ్చేస్తుంది. తమ్ముడు చిక్కిపోతున్నాడని కనిపెట్టింది, మూడు రోజులు చెవిలో జోరీగలా తిరిగి ఆయన నోట్లోంచి విషయం లాగేసింది. లాగి ఊరుకుందా? కొండకవతల ఎవరో ముసలమ్మ దగ్గరికెళ్ళి సీసం కరిగించి నీళ్ళలో పోయించి, ఆ ముద్ద ఆకారం చూసి ఆవిడ చెప్పిన జవాబు కూడా పట్టుకొచ్చింది.

"నిన్నెవరో బంధించార్రా" అంది, కాఫీ ముందు కూర్చుని. "పెళ్ళిరోజు నువ్వు గడప దాటేటప్పుడు వెనకాల తాళంకప్ప మూశారు. ఆ కప్ప మీ గడప దగ్గరే పాతారు. అది తెరుచుకునేదాకా నీ మగతనం తెరుచుకోదు. నేనారోజు చెవులారా విన్నాను, టక్‌మంది."

"ఆ టక్‌మన్నది నా చెప్పు మడమ వదినా. గడప బండ మీద విరిగింది. ఫొటోలన్నింట్లో కుంటుతూనే ఉన్నాను, చూసుకో."

"నువ్వు నవ్వు. రెండో పెళ్ళి చూసి కళ్ళు కుట్టినవాళ్ళు ఎంతమంది లేరు."

నవ్వుదామనే అనుకున్నాను. కానీ గ్రదిమిర్ నవ్వలేదు. పాలు ఎంత వేడికి విరుగుతాయో వేలు పెట్టి చెప్పగల మనిషి. అట్లాంటి మనిషి అక్క మాటలకి తలెత్తి చూశాడు. రెండు నెలల్లో మొదటిసారి ఆయన కళ్ళలో ప్రాణం కనిపించింది. తప్పు తనది కాదు, ఎవరో చేశారు అని తెలిస్తే మగవాడికి ఎంత ఊరటో నాకారోజు అర్థమైంది. నా నోరు కట్టేసుకున్నాను.

ఆ ముసలమ్మ చెప్పిన పద్ధతి ఇది. చెప్పులూ మేజోళ్ళూ లేకుండా, తెల్లవారుతుండగా, ఎవరితో మాట్లాడకుండా తవ్వాలి. దొరికితే తెరిచి, పారే నీళ్ళలో వేయాలి. ఆయన వారం రోజులు తవ్వాడు. గేటు పక్కన తవ్వాడు, మెట్ల కింద తవ్వాడు. పెరడు ఎలుగుబంటి తిరిగిన మొక్కజొన్న చేనులా తయారైంది. ఏమీ దొరకలేదు. రోజూ మట్టికాళ్ళతో లోపలికొచ్చి, కూజాడు నీళ్ళు తాగి, పనికెళ్ళేవాడు. ప్యాంటు బెల్టుకి కొత్త రంధ్రం పొడుచుకున్నాడు.

"దొరక్కపోతే ఇంతేనన్నమాట" అన్నాడొకరోజు, నాతో కాదు, తనలో తను.

అప్పుడు నాకొక పాడుబుద్ధి పుట్టింది. దొరక్కపోవడమే కదా బాధ, దొరికేలా చేస్తే సరి. భయమంతా బుర్రలో ఉంటే, బుర్రకి కావలసింది పెడదాం. శనివారం సంతకెళ్ళి పాత ఇనప సామాన్ల దగ్గర తాళంకప్ప ఒకటి కొన్నాను, తాళంచెవితో సహా. అది మరీ శుభ్రంగా ఉంది. మే నెల నుంచి మట్టిలో ఉన్నట్టు కనబడొద్దూ? పనిచోటు నుంచి ఆయన తెచ్చే, పాలు విరిచాక మిగిలే విరుగుడు తేటలో గుప్పెడు ఉప్పేసి, అందులో నాలుగు రోజులు నానబెట్టాను, పచ్చడి సీసాల వెనకాల దాచి. ఎర్రగా, అందంగా తుప్పు పట్టింది. ఆయన పనికెళ్ళాక గడప బండ ముందు రెండు పలకలు లేపి పాతేశాను. తవ్వుతుంటే పాత సీసా పెంకులు పైకొచ్చాయి. మట్టితో కలిపి లోపలికే తోసేశాను. ఆ పని తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. తాళంచెవి మగ్గానికి కట్టే ఉన్ని సంచిలో వేశాను.

మర్నాడు పొద్దున్న, "గడప ముందు పలకలు కదులుతున్నట్టున్నాయి" అన్నాను, గుమ్మడికాయ కూరిన రొట్టె తింటూ, పెద్ద పట్టించుకోనట్టు.

ఆ మర్నాడు తెల్లవారుతుండగా దొరికింది. కిటికీలోంచి చూస్తున్నాను. మట్టి దులిపి, అరచేతిలో పెట్టుకుని, మొహం దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూశాడు. కంపెనీ పేరు వెతుకుతున్నాడేమో అనుకున్నాను. తర్వాత మేకుతో కెలికి తెరిచాడు, రెండు నిమిషాలు కూడా పట్టలేదు. లోపలికొచ్చి ఉన్ని సాక్సులు తొడుక్కుని, బూట్లేసుకుని, సైకిలెక్కి నది వంతెనవైపు వెళ్ళాడు. వెళుతూ నాకేసి ఒక చూపు చూశాడు. అదేం చూపో అప్పుడు తెలియలేదు.

ఆరోజు పని నుంచి తొందరగా వచ్చాడు. ఎండ ఇంకా గదిలోనే ఉంది. గడ్డం గీసుకుని, పెళ్ళిచొక్కా వేసుకున్నాడు. ఆ చొక్కా మెడ దగ్గర రెండు వేళ్ళు దూరేంత వదులైపోయింది. నన్ను దగ్గరికి తీసుకున్నాడు. ఎంత ప్రేమగా తీసుకున్నాడో నాకు తెలుసు. అయినా ఏమీ కాలేదు.

మంచం అంచున కూర్చుని చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"తాళం తీశాం. ఇంక నెపం వేయడానికి ఏమీ మిగల్లేదు బోసా. లోపం నాదే. నువ్వు మీ తమ్ముడింటికి వెళ్ళిపో. నిన్నిలా కట్టి పడేసే హక్కు నాకు లేదు."

"నోర్ముయ్" అన్నాను.

"కోపంతో కాదు. నువ్వింకా నవ్వుతూ తిరగాల్సిన మనిషివి. రేపు నేనే దింపి వస్తాను."

పెళ్ళైన ఐదు నెలలకి మొగుడు ఇంత మర్యాదగా పొమ్మంటే ఎలా ఉంటుందో నేను చెప్పలేను. దానికితోడు ఆయనకున్న ఒక్క ఆశనీ తాళంకప్పతో సహా తవ్వి పారేసింది నేనే. నేలమీద కూలబడ్డాను. ఏడుస్తున్నాను. కళ్ళముందు ఆయన పాదాలు. ఎప్పుడూ చల్లగా ఉంటాయని పగలూ రాత్రీ సాక్సులు విప్పడు, అవే పొద్దుటి సాక్సులు. ఎడమ కాలిది మడమ నుంచి మధ్యదాకా నల్లగా, అట్ట కట్టి ఉంది. కింద నేను నేసిన తివాచీ. దాని మీద గుమ్మం నుంచి మంచం దాకా అడుగుకొక మరక.

"ఇదేంటి గ్రదా?"

"ఏంటి?"

సాక్సు లాగితే రాలేదు, మాంసానికి అంటుకుపోయింది. తడిపి ఊడదీశాను. అరికాల్లో ఆకుపచ్చ సీసా పెంకు, బొటనవేలు గోరంత, నిలువుగా దిగిపోయి ఉంది. తెల్లవారుజాము నుంచి దాని మీద నిలబడి పాలు విరగ్గొట్టి, సైకిలు తొక్కి, ఇంటికొచ్చాడు మనిషి.

"నొప్పి లేదా?"

వంగి తన పాదాన్ని తనే వింతగా చూశాడు. "లేదే" అన్నాడు.

చక్కెర జబ్బున్న మా అమ్మమ్మ ఇలాగే ఒకసారి పొయ్యి మీద కాలు పెట్టి, కమురు వాసన వచ్చేదాకా తీయలేదు. అప్పుడు ఆ నీళ్ళ కూజాలూ, రాత్రుళ్ళు నాలుగుసార్లు లేవడాలూ, బెల్టు రంధ్రాలూ అన్నీ ఒక్కసారి వచ్చి నా నెత్తిన పడ్డాయి. ఇన్నాళ్ళూ చూస్తూనే ఉన్నాను. కలిపి చూడలేదు.

పక్కింటాయన కారులో అప్పటికప్పుడు పట్నం ఆస్పత్రికి ఎక్కించాను. అక్కడ డాక్టర్ విదోసవ అని ఒకావిడ ఉంది, అరవైకి దగ్గర, మగగొంతు. ఆవిడ పట్టకారుతో పెంకు లాగి పళ్ళెంలో వేసింది. మా ఆయన పైకప్పుకేసి చూస్తూ, "మొదలుపెట్టారా అమ్మా?" అన్నాడు.

ఆవిడ చెయ్యి ఆగింది. వేలు పొడిచి చక్కెర చూసింది.

"ఇరవై ఒక్క మిల్లీమోల్. ఏడు లోపు ఉండాల్సింది. నీళ్ళెన్ని తాగుతావు?"

"బిందెలు బిందెలు" అన్నాను నేను.

"బరువు తగ్గావా?"

"ఎనిమిది కిలోలు" నేనే అన్నాను.

"సిగరెట్లు?"

"రోజుకి రెండు పెట్టెలు."

"ఏమయ్యా, నీకు నోరు లేదా?"

"ఉందమ్మా, ఆవిడ దగ్గర పెట్టాను" అన్నాడు. ఆ స్థితిలో కూడా.

కట్టు కడుతూ ఆవిడ మామూలుగా అడిగింది, "ఇంకేమన్నా పనిచేయట్లేదా?" ఆయన గోడ మీద పిల్లల టీకాల బొమ్మ చూడటం మొదలుపెట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ ఆగింది. నేనూ ఆగాను, ఆయన చెబుతాడేమోనని. చెప్పడు. నాకు తెలుసు, ఈ గదిలోంచి ఇది చెప్పకుండా బయటికెళితే నేను రేపు మా తమ్ముడింట్లో ఉంటాను.

"పక్కలో కూడా డాక్టరుగారూ" అన్నాను. "మూడు నెలలైంది. మనసుంది, లేవదు. తాళంకప్ప కోసం పెరడంతా తవ్వాడు."

ఆవిడ తలెత్తకుండానే రాసుకుంది.

"తాళాలు వెతికినవాళ్ళు నాకు నెలకొకరైనా తగుల్తారు. ఇటు చూడు గ్రదిమిర్. ఆ అవయవం లేవాలంటే రక్తం పరిగెత్తాలి, నరాలు కబురు మోయాలి. నీ చక్కెర రెండింటినీ కొరుక్కు తింటోంది. పాదంలో నరాలకి ఏమైందో అక్కడా అదే అయింది. పైన సిగరెట్టు, రక్తనాళాల్ని పిండేస్తుంది. బి.పి.కి ఏం మాత్ర వేసుకుంటున్నావు, చూపించు. ఇది కూడా కొందరిని ఇలా చేస్తుంది. నువ్వుగా ఆపేయకు, నేను మారుస్తాను. రకియా తగ్గించు. హార్మోన్లకి రక్తం తీసుకుంటాను, గుండె పటం తీయిస్తాను. అక్కడి నాళాలు గుండెవాటి కంటే సన్నం, చెడితే ముందు అక్కడే తెలుస్తుంది. నీ ఒళ్ళు నీకు కబురు పంపింది. నువ్వెళ్ళి గడప తవ్వావు."

ఆయన ఒకే మాట అడిగాడు. "అయితే నేను... మగవాడిగా నా పని అయిపోలేదా అమ్మా?"

అంత పెద్ద మనిషి, అంత చిన్న గొంతుతో. నేను కిటికీవైపు తిరిగాను.

"జబ్బుపడ్డావు. అంతే" అంది ఆవిడ. "జబ్బుకి మందు ఉంటుంది. పూర్తిగా వెనక్కి వస్తుందని మాటివ్వను, చాలా మట్టుకు వస్తుంది. గుండె చూడకుండా సంతలో మాత్రలు కొని మింగావంటే మాత్రం నేనే చంపుతాను. ఇంకోటి. ఒకసారి కాకపోయేసరికి రెండోసారి పరీక్షకి కూర్చున్నట్టు వణుకుతారు మీరంతా. ఆ వణుకు చాలు, ఉన్న రక్తం కూడా అటు పోదు. కొన్నాళ్ళు పరీక్షలు మానేయండి. పక్కపక్కన పడుకోండి, చాలు."

శీతాకాలమంతా అదే చేశాం. సిగరెట్లు మానడం దగ్గర ఇంట్లో మూడు ప్లేట్లు పగిలాయి, రెండు ఆయన, ఒకటి నేను. ఆల్‌బుకారా జామ్ అంతా జాగోర్క వదినకి ఇచ్చేశాను, ఆవిడ పుచ్చుకుంటూనే డాక్టర్లని తిట్టింది. సాయంత్రం పొయ్యి దగ్గర ఆయన పాదాలు నా ఒళ్ళో పెట్టుకుని, కళ్ళజోడు పెట్టుకుని, గీతలూ పుళ్ళూ ఏమన్నా ఉన్నాయేమోనని వేలు వేలునా వెతికి, మలాం రాసేదాన్ని. మొదట్లో సిగ్గుపడి లాక్కునేవాడు. తర్వాత తనే సాక్సు విప్పుకుని కూర్చునేవాడు. జనవరిలో ఒకరోజు, "అక్కడ నీ చెయ్యి తెలుస్తోంది బోసా, కొంచెం" అన్నాడు. నేను మలాం రాస్తూనే ఉన్నాను, కళ్ళజోడు మసకేసింది. ఆ చలికాలం మేమిద్దరం ఒకళ్ళనొకళ్ళం ముట్టుకున్నంతగా కొత్తలో కూడా ముట్టుకోలేదు.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం. చక్కెర ఏడుకి దిగింది, గుండె బాగుందన్నారు, డాక్టరు ఒక మాత్ర రాసిచ్చింది. ఆల్‌బుకారా చెట్లు పూశాయి. మధ్యాహ్నం భోజనమయ్యాక నేను మగ్గం దగ్గర దారం చుడుతుంటే ఆయన వచ్చి పీట మీద కూర్చున్నాడు, పాతరోజుల్లోలాగా.

"ఆ తాళంచెవి ఎక్కడ పెట్టావ్?"

"ఏ తాళంచెవి?"

జేబులోంచి తాళంకప్ప తీసి మగ్గం కర్ర మీద పెట్టాడు. తుప్పంతా తోమి, నూనె పెట్టి ఉంది. నాకు నోట మాట రాలేదు. జన్మలో మొదటిసారి.

"నదిలో వేయలేదా?"

"వంతెన మీద నిలబడ్డాను. చెయ్యి రాలేదు. ముప్పై ఏళ్ళు విరుగుడు తేటలో చేతులు పెట్టినవాణ్ణి, మట్టిలోంచి తీయగానే వాసన పట్టలేనా?" అన్నాడు. "ఇంత మొండి మనిషి నా కోసం దొంగపని దాకా దిగిందే అనుకున్నాను. అందుకే ఆ సాయంత్రం చొక్కా మార్చుకున్నాను. కాలేదు. ఇంత చేసిన దాన్ని నాలాంటివాడికి కట్టి ఉంచడం పాపమనిపించింది. అందుకే పొమ్మన్నాను."

ఉన్ని సంచిలో చెయ్యి పెట్టి తాళంచెవి తీసిచ్చాను. ఉన్ని కూడా దానితో వచ్చింది. ఆయన లేచి పెరట్లోకి నడిచాడు. కిటికీలోంచి చూశాను. మా ఇల్లు కట్టినప్పట్నించీ ఎవరూ తాళం వేయని గేటుకి గొలుసు చుట్టి, తాళంకప్ప వేసి, తాళంచెవి చొక్కాజేబులో వేసుకుని వచ్చాడు.

అంతా మొదట్లోలా అయిపోయిందా అని నన్నడక్కండి. కొన్ని ఆదివారాలు అవుతుంది, కొన్ని ఆదివారాలు కాదు. కానప్పుడు నవ్వుకుంటాం, గోడవైపు ఎవరూ తిరగం. ఆరోజు మాత్రం ఎండ ఇంకా మంచం మీదే ఉండగా గేటు దడదడలాడింది.

"గ్రదా, ఒరేయ్, ఈ గేటుకి తాళమెవరు వేశార్రా?" జాగోర్క వదిన గొంతు. "ఎవరో మళ్ళీ వేసేశారురా మీకు."

ఆయన నా జుట్టులోంచి తలెత్తి, కిటికీకేసి గట్టిగా చెప్పాడు.

"నేనే వేశానక్కా. ఈసారి లోపల్నించి. సాయంత్రం రా, కాఫీ తాగుదాం."